పొలారిస్ ఏ-1 ప్లాస్టిక్ కిట్: లోపల సరుకు మంచిదే, డబ్బా మీద బొమ్మే వేరేదానిది

పొలారిస్ ఏ-1 అంటే అమెరికా నౌకాదళం జలాంతర్గామిలోంచి వదిలిన క్షిపణి, ఇది దాని ప్లాస్టిక్ బొమ్మ. ముందే చెప్పేస్తాను, ఈ కిట్ కొనొచ్చు. 2,350 రూపాయలు పెట్టాను, బాధ లేదు. కాకపోతే డబ్బా మీది బొమ్మ చూసి మాత్రం కొనకండి. ఆ బొమ్మ లోపల ఉన్న క్షిపణిది కాదు. దాని మనవడిది.

నేను బెంగళూరు పీణ్యలో 34 ఏళ్లు డైలు, అంటే ప్లాస్టిక్ పోసే అచ్చులు, చేసినవాణ్ని. స్విచ్ బోర్డులు, మిక్సీ జార్ మూతలు, బండ్ల ఇండికేటర్ అద్దాలు, ఇలాంటివన్నీ. ప్లాస్టిక్ వస్తువు ఏది చేతికొచ్చినా ముందు తిరగేసి పార్టింగ్ లైన్ (అచ్చు రెండు సగాలు కలిసే గీత) ఎక్కడుందో, గేట్ (ప్లాస్టిక్ లోపలికి పోసే కన్నం) ఎక్కడ పెట్టారో చూస్తాను. పెళ్లి భోజనాల్లో సాంబారు బకెట్ కూడా తిప్పి చూస్తానని మా ఆవిడ విసుక్కుంటుంది. కాబట్టి ఇది బొమ్మలు కట్టేవాళ్లు రాసే రివ్యూలాగా ఉండదు. డైలు కోసేవాడు రాసే రివ్యూ ఇది.

దసరా సెలవులకి మా అమ్మాయి కొడుకు హిందూపురం నుంచి వచ్చాడు. ఏడో తరగతి. రోజంతా ఫోన్ పట్టుకుని కూర్చుంటున్నాడని దాసరహళ్లిలో మెట్రో ఎక్కించి జయనగర్ తీసుకెళ్లాను. అక్కడ బొమ్మల కిట్లు అమ్మే షాపులో యుద్ధ విమానాలన్నీ వదిలేసి వీడు దీన్ని పట్టుకున్నాడు. డబ్బా మీద సముద్రం చీల్చుకుని ఒక రాకెట్ పైకొస్తోంది, చుట్టూ నీళ్ల తుంపర. "తాతా, నీళ్లలో మంట ఎలా మండుతుంది?" అన్నాడు. అక్కడే కొనేశాను. ఆ ప్రశ్నకి జవాబు ఈ కిట్‌లో ఉందా లేదా అన్నదే నా కొలబద్ద.

కిట్ 1/48 స్కేలు. 64 ముక్కలు, అవి అంటుకుని వచ్చే రన్నర్ ఫ్రేములు నాలుగు. ఒక పక్క కోసి లోపలి భాగాలు కనపడేలా చేసిన క్షిపణి, నిలువునా సగం విప్పదీసే ప్రయోగ గొట్టం, ఒక స్టాండు, నీళ్లలో నానబెట్టి అంటించే అక్షరాల స్టిక్కర్లు, 16 పేజీల పుస్తకం. గమ్, రంగులు మనమే కొనుక్కోవాలి.

ఇంటికి రాగానే వెర్నియర్ తీశాను. అసలు పొలారిస్ ఏ-1 అడ్డం 54 అంగుళాలు, పొడవు 28.5 అడుగులు. 48తో భాగిస్తే అడ్డం 28.58 మిల్లీమీటర్లు, పొడవు 181 రావాలి. నాకు వచ్చినవి 28.42, 180.1. రెండింట్లోనూ తేడా దగ్గర దగ్గర అర శాతం. పాలీస్టైరీన్ చల్లారేటప్పుడు కుంచించుకుపోయేది కూడా సుమారుగా అంతే. అంటే డై కోసినవాడు డ్రాయింగ్ కొలత ఉన్నదున్నట్టు కోసేశాడు, ష్రింకేజ్ కలపలేదు. చూసేవాళ్లకి ఇది తెలియదు. కానీ మా షాపులో కుర్రాడెవడైనా ఇలా చేసుంటే ఆ రోజు వాడికి టీ ఉండేది కాదు.

మిగతా పనితనం బాగుంది. ఫ్లాష్, అంటే అచ్చు అంచుల్లోంచి కారిన పల్చటి ప్లాస్టిక్, దాదాపు లేదు. ముక్కని అచ్చులోంచి బయటికి తోసే ఎజెక్టర్ పిన్ గుర్తులన్నీ లోపలి వైపుకే పెట్టారు. గొట్టం మందంగా ఉన్నచోట మాత్రం ప్లాస్టిక్ చల్లారి లోపలికి గుంజుకుపోయి రెండు సింక్ గుంటలు పడ్డాయి, పుట్టీ పెట్టి రుద్దితే పోతాయి.

ఇక డబ్బా సంగతి. పొలారిస్‌లు మూడు రకాలు. ఏ-1, ఏ-2 ముక్కు సీసా మెడలా ఉంటుంది: ఒంటికంటే సన్నగా మొదలై పైకి పోతుంది. ఏ-3 ముక్కు తుపాకీ గుండులా గుండ్రం. ఈ డబ్బా మీద వేసింది గుండు ముక్కు. లోపల ఉన్నది సీసా మెడ. ఏ-3 వచ్చింది 1964లో. ఏ-1 సుమారు 2,200 కిలోమీటర్లు పోతే ఏ-3 4,600 పోతుంది, ముక్కులో ఒకటి కాదు, మూడు బాంబులు. రెండింటి పేరూ ఒకటే గాని వస్తువులు వేరు. చేతక్ స్కూటర్ కొంటే డబ్బా మీద పల్సర్ ఫోటో వేసినట్టుంది. షాపులో కుర్రాడికి ఫోన్ చేసి చెబితే "సీల్డ్ ప్యాకెట్ సార్, మేమేం చేస్తాం" అన్నాడు. నిజమే, వాడేం చేస్తాడు.

కట్టడంలో కష్టమైన చోటు ఒక్కటే, అడుగున మంట బయటికొచ్చే నాజిళ్లు. ఒక్కో దశకి నాలుగు నాజిళ్లు, ప్రతి నాజిల్ మూతి చుట్టూ ఒక ఉంగరం. ఆ ఉంగరాన్ని జెటవేటర్ అంటారు. క్షిపణిని తిప్పడానికి రెక్కలు లేవు. ఈ ఉంగరాన్ని కాస్త వంచి మంట దారిలోకి అడ్డం పెడితే మంట పక్కకి తిరుగుతుంది, క్షిపణి తోక దాని ఎదురు దిక్కుకి జరుగుతుంది, దాంతో ముక్కు తిరుగుతుంది. తోట పైపు మూతికి బొటనవేలు అడ్డం పెట్టినట్టే. కిట్‌లో ఈ ఉంగరాలు మొత్తం ఎనిమిది, ఒక్కోటి మెంతి గింజంత. రన్నర్ నుంచి నిప్పర్‌తో కట్ చేస్తే ఎగిరిపోతాయి. సెల్లో టేపు వెనక అంటించి, బ్లేడుతో రెండు వైపులా కొద్దికొద్దిగా కోసి తీయాలి. నా కళ్లద్దాల మీద ఇంకో భూతద్దం పెట్టుకుని ఒక సాయంత్రమంతా దీనికే పోయింది. కానీ కట్టాక చూడండి, ఈ కిట్‌లో అందం అంతా అక్కడే ఉంది.

కోసిన పక్క లోపల ఇంధనానికి బూడిద రంగు వెయ్యమని పుస్తకంలో ఉంది. ఎందుకో రాయలేదు. నాకు ఈ కిట్ మీద ఉన్న పెద్ద ఫిర్యాదు ఇదే. అసలు కథంతా ఆ బూడిద రంగులో ఉంది.

1955లో అమెరికా నౌకాదళాన్ని సైన్యంతో కలిసి జూపిటర్ అనే క్షిపణి చేసుకోమన్నారు. అది కిరోసిన్, ద్రవ ఆక్సిజన్‌తో నడిచేది. ద్రవ ఆక్సిజన్ అంటే సున్నాకి 183 డిగ్రీలు కింద ఉండే సరుకు, ఆవిరైపోతూనే ఉంటుంది. ఊగే ఓడలో, కిటికీ లేని జలాంతర్గామిలో వంద మంది మధ్య దాన్ని పెట్టుకోవడమంటే, తలుపులేసిన వంటింట్లో గ్యాస్ లీకవుతుంటే చాపేసుకుని పడుకున్నట్టు. నౌకాదళం వాళ్లకి అది మొదటి నుంచీ గుండెల్లో గుబులే. ఘన ఇంధనంతో చేద్దామంటే, అప్పటికున్న ఘన ఇంధనానికి బలం చాలదు. జూపిటర్‌నే ఘన ఇంధనంతో చేస్తే బరువు 70 టన్నులు దాటింది, పెద్ద జలాంతర్గామిలో కూడా పట్టేవి నాలుగే.

రెండు సంగతులు దాన్ని మార్చేశాయి. ఒకటి, ఇంధనంలో అల్యూమినియం పొడి బాగా ఎక్కువ కలిపితే బలం పెరుగుతుందని అట్లాంటిక్ రీసెర్చ్ అనే కంపెనీలో ఇద్దరు ఇంజనీర్లు కనిపెట్టారు. రెండు, 1956 వేసవిలో జరిగిన ఒక సమావేశంలో హైడ్రోజన్ బాంబు శాస్త్రవేత్త ఎడ్వర్డ్ టెల్లర్ లేచి, మీ క్షిపణి తయారయ్యే నాటికి బాంబు చాలా చిన్నదైపోతుంది, ఇప్పటి బరువు లెక్క ఎందుకు వేస్తున్నారు అన్నాడు. ఆ ఏడాది డిసెంబర్‌కల్లా నౌకాదళం జూపిటర్ నుంచి బయటికొచ్చేసింది. కొత్తదాని బరువు 13 టన్నులు. ఒక్కో జలాంతర్గామిలో పదహారు.

ఆ ఇంధనాన్ని పట్టి ఉంచేది పాలీయురేథేన్. ఇది చదివి నేను కుర్చీలోంచి లేచాను. పంచింగ్ డైలలో స్ప్రింగుల బదులు మేము పెట్టే పసుపు దిమ్మెలు ఆ జాతివే. రబ్బరులా సాగే దాంట్లో మంటకి ఆక్సిజన్ ఇచ్చే అమ్మోనియం పర్‌క్లోరేట్, అల్యూమినియం పొడి కలిపి, గొట్టంలో పోసి గట్టిపడనిచ్చేవాళ్లు. ఆ బూడిద రంగు ఈ అల్యూమినియం పొడిదే. ఏళ్ల తరబడి గొట్టంలో కూర్చున్నా బీటలు పడకూడదు. బీట పడితే మంట తాకే వైశాల్యం పెరిగి, ఒత్తిడి పెరిగి క్షిపణి అక్కడికక్కడే పేలుతుంది. చిన్నోడికి చెబుతూ వాడి చెప్పు అడుగు వంచి చూపించాను, ఇది విరుగుతుందా చూడు అని. వాడికి చెప్పు మీద గౌరవం పెరిగింది.

నాజిళ్ల తర్వాత ఈ కిట్‌లో నాకు బాగా నచ్చింది పుస్తకంలో ఆరో పేజీ. జలాంతర్గామిని ఎలా చేశారో బొమ్మ గీశారు. కొత్తది కట్టే టైము లేదు. 1957లో స్పుత్నిక్ ఎగిరాక, 1963కి అనుకున్నదాన్ని 1960కి లాగారు. అమెరికాలోని గ్రోటన్ షిప్‌యార్డులో స్కార్పియన్ పేరుతో ఒక మామూలు దాడి జలాంతర్గామి కడుతుంటే, దాన్ని నడిమికి కోసి, మధ్యలో 130 అడుగుల ముక్క దూర్చి, అందులో పదహారు గొట్టాలు పెట్టారు. అదే జార్జ్ వాషింగ్టన్. 1959 డిసెంబర్ 30న నౌకాదళంలో చేరింది. మా భాషలో చెప్పాలంటే ఇన్సర్ట్ వేశారు. డెలివరీ నెత్తి మీదుంటే కొత్త డై చెయ్యం, ఉన్న డైని కోసి ఇన్సర్ట్ దిగ్గొడతాం. ఇన్సర్ట్ వేసిన డై అంటే ఓనర్లకి చిన్నచూపు. ఈసారి ఎవరైనా అలా మాట్లాడితే ఈ పేజీ చూపిస్తాను.

ఆ పని టైముకి తెమలడానికి, పొలారిస్ పనంతా నడిపిన అడ్మిరల్ రాబోర్న్ ఆఫీసు తయారు చేసుకున్నదే పెర్ట్ చార్ట్, అంటే ఏ పని ముందు, ఏది తర్వాత అని గీసే పటం. నేను సూపర్‌వైజర్ ట్రైనింగ్‌లో బట్టీ పట్టిన ఆ గళ్లూ బాణాలూ పొలారిస్ కోసం పుట్టాయని ఈ పుస్తకం చదివేదాకా తెలియదు. పీణ్యలో మాకు కరెంటు పోయే గళ్లే ఎక్కువ.

పడవ తానెక్కడుందో ఖచ్చితంగా తెలియకపోతే అది వదిలే క్షిపణి ఎక్కడ పడుతుందో కూడా తెలియదు. నేల మీద ఉన్న ఫిరంగికి ఆ బాధ లేదు. దీనికోసం గిర్రున తిరిగే జైరోస్కోపులతో పడవ చోటు లెక్కకట్టే పరికరం పెట్టారు, దాని తప్పులు దిద్దడానికి ట్రాన్సిట్ అనే ఉపగ్రహాలు ఎగరేశారు. స్పుత్నిక్ బీప్‌లు వింటూ, దాని స్వరం మారే తీరుని బట్టి అది ఎక్కడుందో లెక్క కట్టిన అమెరికన్లకి, తిరగేసి ఆలోచిస్తే ఉపగ్రహం చోటు తెలిస్తే మనం ఎక్కడున్నామో తెలుస్తుందని తట్టింది. మన ఫోన్‌లో దారి చూపించే దానికి తాత లాంటిది అది. కిట్‌లో దీని జాడే లేదు, ఒక చిన్న వాక్యం కూడా లేదు. పొలారిస్ అంటే ధ్రువ నక్షత్రం. దారి చూపే చుక్క పేరు పెట్టుకున్న వస్తువు గురించి రాస్తూ దారి ఎలా తెలిసిందో రాయకపోవడం ఏంటో!

ఇప్పుడు చిన్నోడి ప్రశ్న. నీళ్లలో మంట ఎలా మండుతుంది? అసలు నీళ్లలో వెలిగించరు. అదే కిటుకు. గొట్టం మూత తెరిచినా నీళ్లు లోపలికి రాకుండా ఒక పల్చటి పొర ఉంటుంది. అడుగు నుంచి గాలిని ఒత్తిడితో వదిలితే క్షిపణి ఆ పొరని చీల్చుకుని, నీళ్లలోంచి పైకి దూసుకొచ్చి, బయటపడ్డాకే మోటారు అంటుకుంటుంది. డబ్బా మీది చిత్రకారుడు నీళ్ల మట్టం కిందే మంట గీశాడు. రెండో తప్పు.

చెబితే వాడు నమ్మలేదు. సరే చేసి చూద్దాం అన్నాను. కిట్ గొట్టం లోపలి అడ్డం 31 మిల్లీమీటర్లు, క్షిపణికి చుట్టూ ఒకటింపావు దాకా ఖాళీ. గాలి మొత్తం పక్కల నుంచే పోతుంది. అందుకని క్షిపణి నడుముకి రెండు చోట్ల ప్లంబింగ్ టెఫ్లాన్ టేపు చుట్టాను, వేలితో తోస్తే బిగుతుగా జారేదాకా. గొట్టం అడుగున 6 మిల్లీమీటర్ల డ్రిల్ వేసి, సైకిల్ ట్యూబు వాల్వ్ ఒకటి ఎపాక్సీతో అతికించాను. కంపెనీవాడు చూస్తే ఏడుస్తాడు. పై మూతకి బదులు బియ్యం ప్యాకెట్ కవర్ ముక్క రబ్బరు బ్యాండుతో కట్టాం. చిన్నోడు పంపు ఒక్కసారి గట్టిగా నొక్కాడు. టప్‌మని కవరు చిరిగి, క్షిపణి జానెడు ఎత్తు లేచి పక్కకి ఒరిగి నేల మీద పడింది. ముక్కు ఊడింది, ఒక ఉంగరం ఫ్రిజ్ కిందకి పోయింది.

రెండోసారికి వాడి జేజి తన పాత చీర నాలుగు మడతలు పెట్టి తెచ్చింది, అటు నేనూ ఇటు ఆమే పట్టుకున్నాం. ఇది కూడా వాళ్లు చేసిందే. 1959లో శాన్‌ఫ్రాన్సిస్కో షిప్‌యార్డులో ఉత్తుత్తి క్షిపణులని గొట్టంలోంచి పైకి ఎగరేసి, అవి కింద పడకముందే ఒక పెద్ద క్రేన్‌కి కట్టిన తాళ్లతో గాల్లోనే పట్టుకునేవాళ్లు. మా ఇంట్లో క్రేన్ మా ఆవిడ.

అసలైనది కూడా మొదటిసారికే ఎగరలేదు లెండి. 1958 సెప్టెంబర్‌లో కేప్ కెనావరల్‌లో నేల మీద నుంచి వదిలిన తొలి పరీక్ష క్షిపణి దారి తప్పితే వాళ్లే పేల్చేశారు. 1959 ఏప్రిల్ దాకా ఒక్కటీ సరిగ్గా కుదరలేదు. 1960 జూలై 20న జార్జ్ వాషింగ్టన్ నీళ్ల కింద నుంచి వదిలింది, మూడు గంటలు తిరక్కుండా రెండోది కూడా. ఆ నవంబర్ 15న మొదటి గస్తీకి పోయి 66 రోజులు నీళ్లలోనే ఉంది. పడవకి రెండు జట్లు, నీలం జట్టు, బంగారు జట్టు. మనుషులు అలిసిపోతారు గాని పడవ అలవదు కదా, ఒక జట్టు ఇంటికొస్తే ఇంకో జట్టు ఎక్కేది. దూరం తక్కువ పోయే క్షిపణి కాబట్టి రష్యాకి దగ్గరగా ఉండాలి, అందుకే 1961లో స్కాట్లాండ్‌లోని హోలీ లాక్‌లో స్థావరం పెట్టుకున్నారు. ఏ-1 సర్వీసు 1965తో ముగిసింది. అయిదేళ్లు. పుస్తకంలో దీనికి అర పేజీ ఇచ్చారు, మిగతా అర పేజీలో ఇంకో కిట్ ప్రకటన.

ముక్కు అతికిస్తుంటే చిన్నోడు అడిగాడు, "దీన్ని ఎవరి మీద వేశారు తాతా?" ఎవరి మీదా వెయ్యలేదురా అన్నాను. ఒక్కసారి మాత్రం, 1962 మే 6న, ఈథన్ అలెన్ అనే జలాంతర్గామి నిజం బాంబుతోనే పొలారిస్‌ని పసిఫిక్‌లో వదిలింది, అది పరీక్ష. ఏ-1 బాంబు 600 కిలోటన్నులు, హిరోషిమా మీద వేసినదానికి దగ్గర దగ్గర నలభై రెట్లు. కిట్‌లో ఆ భాగం ఒక బూడిద ముద్ద, లోపల వివరం ఏమీ లేదు. అది అలా ఉండడమే నాకు నచ్చింది. ఆ బాంబుకి ఇంకో సంగతి ఉంది. అనుకోకుండా పేలకుండా దాని గుండెలో ఒక తీగ చుట్టి పెట్టారు, వేసేముందు ఒక మోటారు దాన్ని బయటికి లాగాలి. ఏళ్లు గడిచేసరికి ఆ తీగ పెళుసెక్కి మధ్యలోనే తెగేది. తెగితే బాంబు పేలదు. గస్తీలో తిరుగుతున్నవాటిలో చాలా వరకు తుస్సుమనేవేనని 1960ల మధ్యలో గాని బయటపడలేదు. అన్ని కోట్లు పోసి, అన్ని చార్టులు గీసి, చివరికి ఒక తీగ దగ్గర. ప్రతి టూల్‌రూమ్‌లో ఇలాంటి కథ ఒకటుంటుంది.

ఇలాంటి కిట్లకి పాత చరిత్రే ఉంది. 1961లో అమెరికాలో ఒక బొమ్మల కంపెనీ పొలారిస్ జలాంతర్గామి కిట్‌ని లోపలి గదులతో సహా 2.98 డాలర్లకి అమ్మితే, రహస్యాలు రష్యావాళ్లకి అమ్మేశారని అమెరికా అణు జలాంతర్గాముల పని చూసే అడ్మిరల్ రికోవర్ మండిపడ్డాడు. ఈ కిట్ చూస్తే ఆయన కోప్పడే పని లేదు.

మనవాళ్లది కూడా ఇలాంటి కిట్ ఎవరైనా చేస్తే బాగుండు. విశాఖలో ఆర్కే బీచ్‌లో కుర్సురా జలాంతర్గామి లోపల నడిచి చూశాను, అది టార్పెడోల కాలం నాటిది, తల వంచుకుని నడవాలి. మన అరిహంత్ జలాంతర్గామిలో ఉండే కే-15 క్షిపణి అయితే 750 కిలోమీటర్లు పోతుంది, దాన్నీ ఇలాగే నీళ్లలోంచి తోస్తారు. ఒక డై ఖర్చు ఎంతవుతుందో నేను చెప్పగలను, ష్రింకేజ్ కూడా కలుపుతాను.

అయిదుకి మూడున్నర ఇస్తాను. డబ్బా బొమ్మకి ఒకటి, పుస్తకంలో వదిలేసిన సంగతులకి అర కోత. పన్నెండేళ్ల లోపు పిల్లలకి ఒంటరిగా ఇవ్వకండి, ఉంగరాల దగ్గర ఏడుస్తారు. గమ్ పల్చటిది కొనండి, ట్యూబుల్లో వచ్చే చిక్కటిది వద్దు. పోయిన ఉంగరం కోసం కంపెనీకి మెయిల్ పెడితే తొమ్మిదో రోజున ఆ ఫ్రేము మొత్తం ఉచితంగా పంపారు, అది మెచ్చుకోవాల్సిందే. వాల్వ్ అతికించిన సంగతి నేను వాళ్లకి చెప్పలేదు.

ఇది రాస్తుంటే చిన్నోడు పక్కన నిలబడి, మెయిన్ రోడ్డు మీద పంక్చర్ షాపులో కంప్రెసర్ ఉంది కదా తాతా అంటున్నాడు. క్షిపణిని తీసి బీరువా మీద పెట్టేశాను.